రొదలో దాగిన సంకేతము

రేడియో పెట్టె ముందు కూర్చుండి కేంద్రమును వెదకు శ్రోతకు ఒక సంగతి చక్కగా తెలియును. ముల్లును సరియైన అంకెవద్ద నిలిపినగాని పాట స్పష్టముగా వినబడదు. మీడియం వేవులో 837 కిలోహెర్ట్జ్ అనగా విజయవాడ కేంద్రమనియు, 738 అనగా హైదరాబాదు కేంద్రమనియు ఎన్నో ఇండ్లలో పిల్లలకు సైతము కంఠస్థమై యుండెడిది. ఒక కేంద్రమునకు కేటాయించిన చోటిలోనికి మరియొక కేంద్రము చొరబడినచో రెండును చెడును. అందుచేత ప్రసారశాస్త్రము మొదటినుండి ఒక నీతిని పాటించుచు వచ్చినది. ఎవరి చోటు వారిది. తన చోటిలో తాను ఇమిడియుండి గట్టిగా పలుకుటయే మేలు.

ఈ నీతికి పూర్తిగా ఎదురునడచు పద్ధతి యొకటి కలదు. దానిని స్ప్రెడ్ స్పెక్ట్రమ్ అందురు. తెలుగులో విస్తృత వర్ణపట ప్రసారము అనవచ్చును. ఇందులో సందేశమును దానికి కావలసిన చోటుకంటె ఎన్నో రెట్లు వెడల్పైన చోటిలో పలుచగా పరచుదురు. ఆ చోటిలోనే పలువురు ఒకేసారి పలుకుదురు. ఒక్కొక్కప్పుడు సంకేతము చుట్టునున్న రొదకంటె బలహీనముగా నుండును. అయినను గ్రాహకయంత్రము తనకు కావలసిన మాటను ఏరుకొనును. మన చేతిలోని ఫోను మనము ఏ వీధిలో నున్నామో చెప్పగలుగుట ఈ పద్ధతి వలననే.

రొదలో మునిగిన మాటను పైకి తీయుట ఎట్లు సాధ్యమో తెలిసికొనుటకు ఏరియలు గాని, ప్రసారయంత్రము గాని అక్కరలేదు. ప్రసారకమును, గ్రాహకమును, వాటి నడుమనున్న ఆకాశమును ఒక సాధారణ కంప్యూటరులో అంకెలరూపమున కల్పించి పరీక్షింపవచ్చును. ఈ కల్పననే సాఫ్ట్‌వేర్ అనుకరణ అందురు. అది ఎట్లు జరుగునో, దానిని ఎంతవరకు నమ్మవచ్చునో ఇచట వివరింపదలచితిమి.

పియానో చుట్టనుండి బ్లూటూత్ వరకు

రెండవ ప్రపంచ యుద్ధకాలమున, ఓడనుండి విడిచిన టార్పిడోను రేడియో తరంగములతో నడుపుట ఎట్లను ప్రశ్న వచ్చెను. చిక్కేమనగా, శత్రువు ఆ పౌనఃపున్యమును కనిపెట్టి దానిపై గోల చేసినచో టార్పిడో దారి తప్పును. వియన్నాలో 1914లో జన్మించి హాలీవుడ్ చేరిన సినిమా నటి హెడీ లమార్, సంగీతకర్త జార్జి ఆంథైల్ కలిసి దీనికొక ఉపాయము చెప్పిరి. ఓడలోని యంత్రమును టార్పిడోలోని యంత్రమును ఒకే క్రమములో ఒక పౌనఃపున్యమునుండి మరియొక దానికి దుముకుచు పోవలెను. తనంతట తాను మ్రోగెడి పియానోలో చిల్లులు పొడిచిన కాగితపు చుట్ట యుండునుగదా. అటువంటి చుట్టయే రెండు యంత్రములకును క్రమము నేర్పును. పియానో మెట్లు 88. వారు సూచించిన పౌనఃపున్యములును 88. ఈ ఉపాయమునకు 1942 ఆగస్టు 11న అమెరికాలో పేటెంటు లభించినది. ఆ యుద్ధములో నౌకాదళము దానిని వాడలేదు. ఇటువంటి ఆలోచనలు అంతకు పూర్వము ఇతరులకును తట్టినవి. కాని క్రమము తెలిసిన వానికే మాట దక్కును అను మర్మమును ఈ పియానో చుట్టవలె విశదముగా చూపునవి తక్కువ.

ఈ దుముకుడు పద్ధతి నేడు మన ఇండ్లలోనికి వచ్చినది. చెవికి తగిలించుకొను బ్లూటూత్ సాధనము 79 చానెళ్ల నడుమ సెకనునకు 1600 సార్లు దుముకునట్లు రూపొందినది. ప్రక్కగదిలోని వైఫై యంత్రము వానిలో ఇరువది చానెళ్లను ఆక్రమించినదనుకొందము. అప్పుడు ఇంచుమించు నాలుగు దుముకులలో ఒకటి మాత్రమే దెబ్బతినును. తక్కిన మూడు క్షేమముగా చేరును. దెబ్బతిన్న దానిని తిరిగి పంపవచ్చును, ఆ చానెళ్లను తప్పించుకొని పోవచ్చును.

రెండవ పద్ధతిలో దుముకుట లేదు. పంపవలసిన ఒక్కొక్క అంశమును ఒక పొడవైన కోడుతో గుణించి, ఒకేసారి వెడల్పుగా పరచుదురు. కోడులోని ఒక్కొక్క తునకను చిప్పు అందురు. మన వివరణము ఇకమీదట ఎక్కువగా ఈ రెండవ పద్ధతిని గూర్చియే.

ఏడు చిప్పుల లెక్క

కంప్యూటరును తెరచుటకు ముందు ఈ లెక్కను కాగితముపై చేసి చూచుట మంచిది. మూడు ఒకట్లతో మొదలిడుదము. ఆపై వచ్చు ప్రతి అంకెకు ఒకటే నియమము: వెనువెంటనే ముందున్న అంకెను, మూడు స్థానముల ముందున్న అంకెను పోల్చవలెను; రెండును ఒకటే అయినచో సున్న, వేరైనచో ఒకటి వ్రాయవలెను. అప్పుడు 1, 1, 1, 0, 1, 0, 0 అని ఏడు అంకెలు వచ్చి, ఎనిమిదవ అంకెనుండి అదే వరుస మరల మొదలగును. ఈ పని చేయు యంత్రమునకు షిఫ్ట్ రిజిస్టరని పేరు. దానికి మూడు గదులున్నచో వరుస పొడవు 7. సరియైన నియమమును ఎంచుకొన్నచో పది గదులకు వరుస పొడవు 1023. ఇటువంటి వరుసల గుణములను సాలమన్ గోలంబ్ తన 1967 నాటి గ్రంథమున సమగ్రముగా వివరించెను.

ఒకటిని ధనమనియు సున్నను ఋణమనియు తలచినచో మన కోడు ఇది: ధన, ధన, ధన, ఋణ, ధన, ఋణ, ఋణ. ‘అవును’ అని పంపవలసినచో కోడును ఉన్నదున్నట్లు పంపుదుము. ‘కాదు’ అని పంపవలసినచో ప్రతి గుర్తును తారుమారు చేసి పంపుదుము. గ్రాహకము తనకు వచ్చిన ఏడు విలువలను తనవద్దనున్న కోడుతో ఒక్కొక్కటిగా గుణించి, అన్నింటిని కూడును. చిక్కేమియు లేనప్పుడు ‘అవును’కు మొత్తము ధన 7, ‘కాదు’కు ఋణ 7 వచ్చును.

ఇప్పుడొక శత్రువు మన సంకేతమునకు అయిదు రెట్ల బలముతో, మార్పులేని ధన 5 అను గోలను అంతటను కలుపుచున్నాడనుకొందము. మనము ‘కాదు’ అని పంపితిమి. గ్రాహకమునకు చేరినవి 4, 4, 4, 6, 4, 6, 6. ఋణసంఖ్య ఒక్కటియు లేదు. కోడు ఎరుగనివాడు దీనిని చూచి ‘అవును’ అనియే తీర్మానించును. కోడు ఎరిగిన గ్రాహకము గుణించి కూడును: 4, 4, 4 కూడిన 12, అందులోనుండి 6 తీసివేయగా 6, 4 కూడగా 10, మరి రెండు ఆరులు తీసివేయగా ఋణ 2. జవాబు ఋణము, కావున పంపినది ‘కాదు’. కోడులో ధనములును ఋణములును ఇంచుమించు సమానముగా నుండుటచేత శత్రువు బలములో చాలవరకు దానంతట అదియే రద్దయిపోయినది. కోడు పొడవైనకొలది ఈ రక్షణ పెరుగును.

ఆకాశమును అంకెలలో కల్పించుట

ఈ కాగితపు లెక్కను లక్షలసార్లు, రకరకముల ఇబ్బందులు కల్పించి చేయుటయే సాఫ్ట్‌వేర్ అనుకరణ. అందులో అయిదు భాగములుండును. మొదటిది సందేశమును పుట్టించునది. నాణెమును ఎగురవేసినట్లు ‘అవును’, ‘కాదు’లను వరుసగా ఇచ్చును. రెండవది కోడుతో గుణించి పరచునది. మూడవది మార్గము, అనగా ఆకాశము. రొదను, ఆలస్యమును, ఇతరుల ప్రసారములను కలుపునది ఇదియే. నాలుగవది గ్రాహకము. అయిదవది పంపినదానిని, అందినదానిని పోల్చి తప్పులు లెక్కించునది. ఆక్టేవ్, పైథాన్ వంటి ఉచిత సాధనములతో ఒక విద్యార్థి దీనిని నూరు పంక్తులలోపుగా వ్రాయగలడు.

ఇక్కడొక సందేహము కలుగవచ్చును. జీపీఎస్ ఉపగ్రహము 1575.42 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యముపై పలుకును. ఆ తరంగపు ప్రతి ఊపును అంకెలలో వ్రాయవలెనన్నచో సెకనునకు 315 కోట్లకు పైబడిన విలువలు కావలెను. అంత శ్రమ అనవసరము. వాహకతరంగము సందేశమును మోయు బండివంటిది; బండిని దింపి సరకును మాత్రము చూచినను ఫలితము మారదు. జీపీఎస్ కోడు సెకనునకు 10 లక్షల 23 వేల చిప్పులు మాత్రమే. చిప్పునకు నాలుగేసి విలువలు తీసికొన్నను సెకనునకు నలువదియొక్క లక్షలు చాలును. అయితే గ్రాహకపు గడియారము తప్పుట, ఉపగ్రహపు వేగమువలన పౌనఃపున్యము జరుగుట మున్నగు వాహకపు దోషములను సరకుతోపాటు తప్పక లెక్కలోనికి తీసికొనవలెను.

రొదను కల్పించుట మరింత సున్నితమైన పని. కంప్యూటరు తనంతట తాను యాదృచ్ఛికముగా ఏదియు చేయలేదు. ఒక సూత్రమును అనుసరించి, చూచుటకు యాదృచ్ఛికముగా తోచు సంఖ్యలను ఇచ్చును. వానినుండి నిజమైన రొదకు తగిన విలువలను రాబట్టు మార్గమొకటి 1958లో బాక్స్, ముల్లర్ అనువారు చెప్పిరి. సూత్రమే చెడ్డదైనచో? 1960ల నాటి ‘ర్యాండు’ అను సంఖ్యాజనకమును చాలమంది వాడిరి. దాని సంఖ్యలను మూడేసిగా తీసికొని బిందువులుగా గుర్తించినచో, అవి అంతటను చెదరి యుండక కేవలము 15 సమతలములపై పడునని తరువాత తేలెను. అట్టి రొదలో పరీక్షించిన యంత్రము నిజమైన ఆకాశములో ఎట్లు ప్రవర్తించునో ఎవరు చెప్పగలరు? కాబట్టి రొదను పుట్టించు సూత్రమును ముందుగా పరీక్షించి, ఆపై యంత్రమును పరీక్షింపవలెను.

ఇట్లు యాదృచ్ఛిక సంఖ్యలతో మరల మరల ప్రయోగించి జవాబు రాబట్టు పద్ధతికి మాంటీ కార్లో అని పేరు. జూదగృహములకు ప్రసిద్ధిచెందిన ఆ ఊరి పేరిట మెట్రోపొలిస్, ఉలామ్ అనువారు 1949లో తమ వ్యాసమును ప్రకటించిరి. ఇందు జాగ్రత్త యొకటి కలదు. లక్షకు ఒక తప్పు చేయునని ఆశించిన యంత్రమునకు రెండు లక్షల అంశములు పంపి, రెండు తప్పులు వచ్చెను గావున సరిపోయినదని సంతోషించుట పొరపాటు. మరల నడిపినచో తప్పులు లేకుండవచ్చును, అయిదు రావచ్చును. నూరు తప్పులైనను కంటబడువరకు నడిపినచో ఫలితము ఇంచుమించు నూటికి పదిపాళ్ల తేడాలో నమ్మదగినదగును. అందుకు ఒక కోటి అంశములు కావలెను. అంశమునకు 1023 చిప్పులైనచో వెయ్యి కోట్లకు పైబడిన గుణకారములు. కాగితముపై జన్మలు పట్టు పని. కంప్యూటరుకు ఓపికతో కూడిన పని.

తెలిసిన జవాబుతో సరిచూచుట

క్రొత్త త్రాసును కొన్నవాడు మొదట తెలిసిన పడికట్టురాయిని తూచి చూచును. అనుకరణకును అటువంటి పరీక్ష కలదు. అన్ని పౌనఃపున్యములందును సమముగా పరచుకొన్న సాధారణమైన రొదలో, ధన ఋణములుగా పంపిన సంకేతమునకు ఎన్ని తప్పులు రావలెనో గణితమే చెప్పును. ఒక అంశమునకు వెచ్చించిన శక్తి, ప్రతి హెర్ట్జ్‌లోను ఉండు రొదశక్తికి సమానమైనచో వెయ్యింటికి సుమారు 79 తప్పులు. నాలుగు రెట్లైనచో పదివేలకు సుమారు 23. తొమ్మిది రెట్లైనచో లక్షకు సుమారు ఒకటి. అనుకరణ ఈ అంకెలను చూపకున్నచో, అందులో ఏదో దోషమున్నదని తెలిసికొని వెదకవలెను.

ఈ పరీక్షలో పలువురు విద్యార్థులను ఆశ్చర్యపరచు సంగతి యొకటి బయటపడును. అంశమునకు వెచ్చించు శక్తిని మార్చక, కోడు పొడవును 7 నుండి 31కి, అటనుండి 1023కు పెంచి చూడుడు. తప్పుల సంఖ్య మారదు! సంకేతమును ఎంత వెడల్పుగా పరచినను, ఆ వెడల్పుతోపాటు లోనికి వచ్చు రొదయు పెరుగును. చివరకు రెండును సరిసమానమగును. స్ప్రెడ్ స్పెక్ట్రమ్ రొదను జయించునని తరచుగా చెప్పుదురు. అది సగము నిజము. ఒక చోటనుండి వచ్చు గోలను, శత్రువు అడ్డంకిని, ఇతరుల మాటలను అది తట్టుకొనును. అంతటను సమముగానున్న సహజమైన రొదనుండి కాపాడునది మాత్రము వెచ్చించిన శక్తి యొక్కటే. అనుకరణలో కోడు పొడవు పెంచగానే తప్పులు తగ్గినట్లు కనబడినచో, శక్తి లెక్కలో పొరపాటు జరిగియుండును. చిప్పునకు ఇంత బలమని నిర్ణయించి కోడును పొడిగించుటచేత, తెలియకయే శక్తిని కూడ పెంచి యుందురు.

ఒకే గదిలో ఇద్దరు

ఇక పలువురు ఒకేచోట పలుకు సంగతి. 1995లో హాంకాంగులో వాణిజ్యముగా మొదలై, తరువాత మన దేశమునకును వచ్చిన సీడీఎమ్ఎ టెలిఫోన్లు దీనిపైననే నడచినవి. నాలుగు చిప్పుల చిన్న ఉదాహరణము చూతము. మొదటివాని కోడు ధన, ధన, ఋణ, ఋణ. రెండవవాని కోడు ధన, ఋణ, ఋణ, ధన. మొదటివాడు ‘అవును’ అనెను, రెండవవాడు అదే క్షణమున ‘కాదు’ అనెను. గాలిలో రెండును కలిసి 0, ధన 2, 0, ఋణ 2 అగును. దీనిని మొదటి కోడుతో గుణించి కూడినచో ధన 4. రెండవ కోడుతో ఋణ 4. ఇద్దరి మాటలును కల్తీలేక విడివడినవి.

ఇంతటితో అనుకరణ ఆపినవాడు పద్ధతి దోషరహితమని చాటును. కాని రెండవవాడు కొంచెము దూరమున నుండి, అతని సంకేతము ఒక్క చిప్పు ఆలస్యముగా చేరుచున్నదనుకొందము. అతడు ‘కాదు’ అనియే వరుసగా పలుకుచున్నాడు. ఒక చిప్పు జరుగగనే అతని కోడు సరిగా మొదటివాని కోడుగా మారిపోవును. మొదటివాని ‘అవును’, రెండవవాని ‘కాదు’ ఒకదానినొకటి తినివేసి, గ్రాహకమునకు నాలుగు సున్నలు చేరును. ఇద్దరు గట్టిగా మాటలాడుచుండగా వినువానికి నిశ్శబ్దము! ఆలస్యమను ఒక్క అంకెను మార్గములో చేర్చుట మరచిన అనుకరణ ఈ ప్రమాదమును ఎన్నటికిని చూపజాలదు. ఆలస్యమునకు లొంగని కోడుల కుటుంబమొకదానిని 1967లో రాబర్ట్ గోల్డ్ వివరించెను. ఏ ఆలస్యముతో చేరినను అందులో ఒక కోడు మరియొక కోడును స్వల్పముగా మాత్రమే కలవరపెట్టును.

దగ్గరవాని చిక్కు వేరు. మన ఏడు చిప్పుల కోడును కొంత జరిపి వాడుచున్న పొరుగువాడు మనతో సమానమైన బలముతో పలికినచో మన 7లో 1 మాత్రమే తగ్గి 6 మిగులును. అతడు గ్రాహకమునకు చేరువనుండి పదిరెట్ల బలముతో పలికినచో 7లోనుండి 10 పోయి ఋణ 3 వచ్చును. మన ‘అవును’ ‘కాదు’గా మారిపోవును. ఇందుకే ఆ టెలిఫోన్లలో కేంద్రస్థానము ప్రతి ఫోనుకును సెకనునకు 800 సార్లు ‘స్వరము పెంచుము, స్వరము తగ్గించుము’ అని ఆజ్ఞలిచ్చుచుండెడిది. సభలో అందరును ఒకే స్థాయిలో మాటలాడినపుడే అందరి మాటయు వినబడును.

ఉపగ్రహము మాట

ఇంతవరకు గ్రాహకమునకు కోడు ఎప్పుడు మొదలైనదో తెలియునని తలచితిమి. నిజముగా అది ఎవరు చెప్పుదురు? అనుకరణలో ప్రసారకమును గ్రాహకమును ఒకే కార్యక్రమములో నుండును గనుక, కాలమును ఒకరినుండి మరియొకరు ఉచితముగా తెలిసికొందురు. ఆకాశములో ఆ సౌకర్యము లేదు.

జీపీఎస్‌ను చూడుడు. ఉపగ్రహములు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుచున్నవి. భూమికి చేరునప్పటికి వాని సంకేతము, గ్రాహకములోని సహజమైన రొదకంటె కొన్ని పదుల రెట్లు బలహీనముగా నుండును. ప్రతి ఉపగ్రహమునకును 1023 చిప్పుల గోల్డ్ కోడు వేరువేరుగా కలదు. అది సెకనులో వెయ్యవ వంతుకొకసారి మరల మొదలగును. ఆ 1023 చిప్పులను సరియైన స్థానమున ఉంచి కూడినచో రొదలోనుండి సంకేతము తల యెత్తును. ఒక్క చిప్పు తప్పినను తలయెత్తదు. అర చిప్పు చొప్పున వెదకినచో 2046 స్థానములు. అదిగాక ఉపగ్రహపు వేగమువలన పౌనఃపున్యము ఇటు 5 కిలోహెర్ట్జ్, అటు 5 కిలోహెర్ట్జ్ వరకు జరిగియుండవచ్చును. 500 హెర్ట్జ్ చొప్పున వెదకినచో 21 స్థానములు. రెంటిని గుణింపగా ఒక్కొక్క ఉపగ్రహమునకు సుమారు 43 వేల గదులు వెదకవలెను. 1965లో కూలీ, టుకీ ప్రకటించిన శీఘ్రగణన విధానమును వాడి కంప్యూటరు ఈ వెదకులాటను కోడు స్థానములన్నింటికిని ఒకేసారి నడుపును.

మన దేశపు నావిక్ వ్యవస్థయు ఈ కుటుంబమునకు చెందినదే. దాని మొదటి ఉపగ్రహము 2013 జూలై 1న శ్రీహరికోటనుండి ఎగసెను. 2023 మే 29న అదే తీరమునుండి తరువాతి తరమునకు చెందిన ఎన్వీఎస్-01 ఎగసెను. సామాన్యుల వాడుకకై మొదటినుండి నావిక్ ఇచ్చుచున్న సంకేతములోను 1023 చిప్పుల గోల్డ్ కోడులే యున్నవి. కోడును పుట్టించు నియమములు ప్రకటితములు గనుక, మన కళాశాలలోని విద్యార్థి వానిని తన కంప్యూటరులో పుట్టించి, రొదలో ముంచి, మరల వెలికితీసి చూడవచ్చును. 2001లో మొదలైన గ్నూ రేడియో అను ఉచిత సాఫ్ట్‌వేర్ ఇట్టి అభ్యాసమునకు చక్కగా ఉపకరించును. విలువైన ప్రయోగశాల లేని ఊరిలోని విద్యార్థికి ఇది సామాన్యమైన లాభము కాదు.

అనుకరణకు హద్దులు

అనుకరణ మనము అడిగినదానికే జవాబు చెప్పును. ఆలస్యమును చేర్చనిచో ఆలస్యము లేని లోకమును చూపును. సంకేతము ఒక గోడను తాకి రెండవసారి చేరుటను చేర్చనిచో గోడలు లేని లోకమును చూపును. గడియారములు ఎన్నడును తప్పవని వ్రాసినచో తప్పని గడియారముల ఫలితమునే ఇచ్చును. కాబట్టి మంచి ఫలితము వచ్చినపుడు సంతసించుటకు ముందు, ఏమేమి చేర్చలేదో ఒక పట్టిక వ్రాసికొనుట నేర్పరుల అలవాటు. ఆపై ఒక్కొక్క ఇబ్బందిని ఒక్కొక్కసారిగా చేర్చి, దాని ప్రభావమును వేరుగా కొలుతురు. అన్నింటిని ఒకేసారి చేర్చినచో, చెడినప్పుడు దేనివలన చెడినదో తెలియదు. తుదకు నిజమైన ఏరియలు పట్టిన సంకేతమును ఫైలులో భద్రపరచి, అదే సాఫ్ట్‌వేర్ గ్రాహకమునకు వినిపింతురు. కల్పించిన ఆకాశములో నెగ్గిన యంత్రమునకు నిజమైన ఆకాశము పెట్టు పరీక్ష అది.

ఒక హెచ్చరిక చెప్పక తప్పదు. కంప్యూటరులో పుట్టించిన ఉపగ్రహ సంకేతమును కంప్యూటరులోనే ఉంచవలెను. దానిని ప్రసారయంత్రముద్వారా గాలిలోనికి విడుచుట చట్టమునకు విరుద్ధము, అపాయకరము. చుట్టుప్రక్కల గ్రాహకములు దానిని నిజమని నమ్మి తమ స్థానమును తప్పుగా చెప్పును. ఆ గ్రాహకము ఒక విమానములోనో, చేపలవేటకు పోయిన పడవలోనో, ఆపదలో నున్నవానిని వెదకు అంబులెన్సులోనో ఉండవచ్చును.

గాలి అందరి ఉమ్మడి సొత్తు. అందులో ఒకరు చేసిన తప్పు మరియొకరి చెవిలో మ్రోగును. ఒకసారి ప్రసారమైనదానిని వెనుకకు తీసికొనుటకు వీలులేదని ఈ వృత్తిలోనున్న మాకు ప్రతిదినమును అనుభవమే. క్రొత్త యంత్రములు చేయవలసిన తప్పులన్నియు మొదట కంప్యూటరులో, ఎవరికిని హాని కలుగనిచోట చేసి, లెక్కించి, దిద్దుకొనుటకు అనుకరణ అవకాశమిచ్చుచున్నది. ఆసక్తిగల పిల్లలు ఇంట నున్నచో, ముందుగా పైని చెప్పిన ఏడు చిప్పుల లెక్కను కాగితముపై చేయింపుడు. ‘కాదు’ అను జవాబు అన్నియు ధనసంఖ్యలైన వరుసలోనుండి బయటపడుట వారు తమ చేతితో చూచినచో, తక్కినది వారే నేర్చుకొందురు.